బొబ్బిలి గిఫ్ట్ వీణలు: గడువు కోసం పచ్చి కర్ర కలపొచ్చా?

ప్రశ్న: విజయనగరంలో పెళ్లికి 100 చిన్న వీణలు అడుగుతున్నారు, గడువు నెల. ఆరిన పనస కర్ర సగానికే ఉంది. పచ్చిది కలిపేయొచ్చా? ధరెలా కట్టాలి?

జవాబు 1: వద్దండి. పాలిష్ కింద తేమ ఉండిపోతే తరవాత కుండ (వీణకి ఒక కొసన ఉండే గుండ్రటి బోలు భాగం) దగ్గర పగులుతుంది. ముక్కల కొసలకి మైనమో పెయింటో పట్టించి నీడలో పేర్చండి. తేమ ముందు పోయేది కొసల్లోంచే, చీలేదీ అక్కడే. వారం వారం తూకం వేయండి. వరసగా రెండు మూడు వారాలు బరువు తగ్గకపోతేనే ఉలి పెట్టాలి. ఉలి ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లకి ఆర్డరెక్కడ ఆపాలో తెలియదా? 50కే ఒప్పుకోండి.

జవాబు 2: ధర సంగతి. మాటవరసకి ఒక్కో వీణకి కర్ర 150, కూలి 500, పాలిష్ 50, మొత్తం 700 రూపాయలు. పదింట ఒకటి పాడైతే ఆ ఖర్చు మిగతా తొమ్మిదిటి మీద పడి, ఒక్కోటి 778 అవుతుంది. చాలామంది ఇది మరిచిపోయి చివరికి కూలిలో కోస్తారు. పాడైన ముక్కకీ కూలి ఇవ్వాల్సిందే. లేకపోతే పగుల్ని లప్పంతో దాచేస్తారు. అద్దె, లాభం ఆ పైన.

జవాబు 3: బిల్లు మీద ‘వాయించడానికి కాదు’ అని రాయండి. వాయించే వీణైతే వేరే లెక్క: 24 మెట్లు (తీగల కింద స్వరస్థానాల దగ్గర ఉండే అడ్డ పట్టీలు) మైనంలో నిలబెట్టాలి, ఎండలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. అదీ కొనేవాళ్లకి ముందే చెప్పాలి.