నీల్ ద్వీపం రాతి వంతెన: అష్టమి పాటుకు నీళ్లు తీస్తాయా?

కావలి నుంచి నలుగురం అండమాన్ వెళ్తున్నాం. నీల్‌లో (ఇప్పటి పేరు షహీద్ ద్వీప్) ఉండేది ఒక్క రాత్రే. మర్నాడు మాఘ బహుళ అష్టమి. అక్కడి సహజ రాతి వంతెన దాకా పాటు వేళలోనే (సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే) నడిచి వెళ్లగలం. చిక్కంతా అక్కడే.

పోర్ట్‌బ్లెయిర్ పోటుపాట్ల పట్టిక తిరగేశాను. పౌర్ణమి, అమావాస్యలకు నీళ్లు బాగా తీస్తాయి, కానీ పగటి పాటు సాయంత్రం 4 ప్రాంతంలో. ఫిబ్రవరిలో అక్కడ అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. అష్టమికి పాటు ఉదయం 10 ప్రాంతంలో, వేళ భేషుగ్గా ఉంది. తీరా చూస్తే నీరు పౌర్ణమి నాటి మట్టం కంటే దాదాపు అర మీటరు పైనే ఆగుతోంది.

తేదీ మార్చుదామంటే ఫెర్రీలో సీట్లు లేవు. జువ్వలదిన్నె బోటువాళ్లను అడిగాను. మన తీరంలో పోటుపాట్ల తేడా తక్కువ, అక్కడి లెక్క వేరన్నారు. నిజమే.

దారి ఇసుక కాదు, పాచిపట్టిన పగడపు రాళ్లు, మధ్యమధ్య గుంటలు. గ్రిప్ ఉన్న రబ్బరు బూట్లు తీసుకున్నాం. కానీ నీళ్లు మోకాలి దాకా ఉంటే అడుగు ఎక్కడ పడుతుందో కనపడదు. అమ్మకు 62 ఏళ్లు.

అష్టమి, నవమి రోజుల్లో ఉదయం పాటుకు అక్కడికి నడిచి వెళ్లినవాళ్లు చెప్పండి: నీళ్లు చీలమండ దాకా ఉన్నాయా, మోకాలి దాకానా?