అలారం ప్యానెల్ మాది, ఇన్‌స్టాలర్ కోడ్ మాత్రం కంపెనీ దగ్గర: అడిగితే ఇవ్వరా?

ప్రశ్న: ప్లేనో నివాసి

నమస్కారం. మూడేళ్ల క్రితం టెక్సస్‌లోని ప్లేనోలో ఇల్లు కొన్నాము. మెట్ల కింది క్లాజెట్‌లో హనీవెల్ విస్టా 20పీ అలారం ప్యానెల్ ఉంది. ఇంటితో పాటు అది కూడా మాకే చెందుతుందని కాగితాలలో స్పష్టంగా రాసి ఉంది. పాత యజమానుల మానిటరింగ్ కంపెనీతోనే (అలారం మోగితే దూరం నుంచి గమనించి స్పందించేవాళ్లు) మేమూ కొనసాగాము, ఆ ఒప్పందం గడువు గత నెలతో ముగిసింది.

మా అమ్మగారు గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండేందుకు వచ్చారు. మోకాళ్ల నొప్పుల వల్ల, గరాజ్ తలుపు తీసి, చెప్పులు విడిచి, గోడ పట్టుకుంటూ కీప్యాడ్ దగ్గరికి చేరేలోపే 30 సెకన్లు అయిపోయి సైరన్ మోగుతోంది. రెండోసారి మోగినప్పుడు ఆమె భయంతో మెట్ల మీదే కూర్చుండిపోయారు. అప్పటి నుంచి ఒంటరిగా బయటికి వెళ్లడమే మానేశారు. ఆ వ్యవధి పెంచమంటే టెక్నీషియన్ రావాలి, అందుకు డబ్బు కట్టాలి అన్నారు కంపెనీవాళ్లు. ప్యానెల్ సెట్టింగులు మార్చడానికి వాడే ఇన్‌స్టాలర్ కోడ్ ఇస్తే నేనే మార్చుకుంటానంటే అసలే కుదరదన్నారు. రోజూ అలారం ఆన్, ఆఫ్ చేసే నా మాస్టర్ కోడ్‌తో ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లలేకపోతున్నాను. నా గోడకున్న నా పెట్టెలోకి నేను వెళ్లడానికి దారి ఏదైనా ఉందా?

జవాబు: న్యూజెర్సీ టెక్నీషియన్

నేను పదకొండేళ్లుగా అలారంలు బిగించే పనిలో ఉన్నాను. కోడ్ ఇవ్వకపోవడానికి కారణం చాలాసార్లు ఒక్కటే: నేను పనిచేసిన చోట కస్టమర్లందరి ఇళ్లకూ ఒకే ఇన్‌స్టాలర్ కోడ్ పెట్టేవాళ్లం, కాబట్టి మీకు చెబితే అందరిదీ చెప్పినట్టే. అది కంపెనీ చేసుకున్న తప్పే గానీ మీది కాదు. అందుకని కోడ్ చెప్పమని అడగకండి, దానిని ఫ్యాక్టరీ కోడ్ 4112కు మార్చి వెళ్లమని రాతపూర్వకంగా అడగండి. ప్యానెల్ అద్దెది కాకుండా మీ సొంతమైతే, ఒప్పందం కూడా ముగిస్తే, కాదనడానికి వాళ్లకు గట్టి కారణం ఉండదు.

అయితే వాళ్ల భయంలో కొంత నిజం కూడా ఉంది. ఒక ఇంటాయన ప్రోగ్రామింగ్‌లో స్టార్ 97 నొక్కారు. అంటే సెట్టింగులన్నీ చెరిపేసి ఫ్యాక్టరీ స్థితికి తెచ్చే ఆజ్ఞ. పొగ డిటెక్టర్ల జోన్లతో (ఏ సెన్సర్ ఎక్కడిదో ప్యానెల్‌కు చెప్పే సెట్టింగులు) సహా అంతా పోయింది, మేము మళ్లీ మొదటి నుంచి అమర్చాల్సి వచ్చింది. నిద్రలో ఉన్న కుటుంబాన్ని లేపేవి ఆ జోన్లే. వాటిని ముట్టుకోకండి.

జవాబు: సియాటిల్ ఇంజనీర్

వాళ్లు స్పందించే వరకు ఆగనక్కరలేదు, విస్టా 20పీ మాన్యువల్‌లోనే దారి ఉంది. ముందుగా మానిటరింగ్ ఇంకా నడుస్తోందేమో కనుక్కొని, నడుస్తుంటే ఫోన్ చేసి టెస్ట్‌లో (అలారం మోగినా స్పందించని స్థితిలో) పెట్టించండి, లేకపోతే పోలీసులు మీ గుమ్మంలో ఉంటారు. తరువాత ట్రాన్స్‌ఫార్మర్‌ను సాకెట్ నుంచి తీసి, పెట్టెలోని బ్యాటరీ వైరు కూడా విడదీయండి. మళ్లీ కరెంటు ఇచ్చిన 50 సెకన్లలోపు కీప్యాడ్‌పై స్టార్, హ్యాష్ రెండింటినీ ఒకేసారి నొక్కితే 20 అనే అంకె కనిపిస్తుంది. అప్పుడు హ్యాష్ 20 నొక్కి ఉన్న కోడ్‌ను చదివి కాగితం మీద రాసుకోండి. ఎంట్రీ డిలే, అంటే తలుపు తీశాక సైరన్ మోగేలోపు ఇచ్చే వ్యవధి, స్టార్ 35లో ఉంటుంది, అక్కడ 60 ఇవ్వండి. బయటికి వచ్చేటప్పుడు స్టార్ 99 నొక్కండి. 98తో బయటికి వస్తే ఈ దారి మూసుకుపోతుంది, పాత ఇన్‌స్టాలర్ అలాగే మూసి ఉంటే కోడ్ లేకుండా లోపలికి వెళ్లలేరు. మరో కంపెనీవైన డీఎస్‌సీ పవర్‌సిరీస్ ప్యానెళ్లలోనూ ఇలాంటి తాళం ఉంది. కరెంటు ఇవ్వగానే ప్యానెల్ లోపలి రిలే (చిన్న స్విచ్) టకటకమని కొట్టుకుంటే ఆ తాళం పడినట్టే.

ఇన్‌స్టాలర్ కోడ్ బయటపడితే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే అనేవారికి ఒక మాట. ఈ ప్యానెల్‌లో ఇన్‌స్టాలర్ కోడ్‌తోనే ఆర్మ్ చేస్తే (అలారం ఆన్ చేస్తే) తప్ప ఆ కోడ్‌తో అలారం ఆగదు.

ప్లేనో నివాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. దారి మూసి లేదు, రెండో ప్రయత్నంలో లోపలికి వెళ్లగలిగాను. కోడ్‌ను రాసుకొని, 60 సెకన్లు పెట్టాను. బ్యాటరీ ఉబ్బిపోయి, దాని మీది స్టిక్కర్ 2016 నాటిది కావడం చూసి కొత్తది వేశాను. ఈ ఉదయం అమ్మ కూరగాయల సంచితో గరాజ్ వైపు నుంచి వచ్చి, సంచి కింద పెట్టి, తీరిగ్గా అంకెలు నొక్కారు. ఇంకో సందేహం: వేరే కంపెనీకి మారితే మానిటరింగ్ కంపెనీకి సంకేతాలు పంపే ఈ పెట్టెలోని సెల్యులార్ రేడియో పనిచేస్తుందా?

న్యూజెర్సీ టెక్నీషియన్

రేడియో పాత డీలర్ (మీ పాత అలారం కంపెనీ) ఖాతాలో నమోదై ఉంటుంది. వాళ్లు విడుదల చేస్తే గానీ కొత్తవారు తమ పేరు మీదికి తెచ్చుకోలేరు. ఇన్‌స్టాలర్ కోడ్ చేతికి వచ్చినా ఇది మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. రేడియో మీది గుర్తింపు సంఖ్యను ఫోటో తీసి, విడుదల చేయమని ఈమెయిల్ పంపండి. అది 3జీ రేడియో అయితే శ్రమ వద్దు, అమెరికాలో ఆ నెట్‌వర్కులు 2022లోనే ఆగిపోయాయి.