రెండు నెలల్లో ఐదు పంచర్లు: టైరు మార్చాలా, ట్యూబు మార్చాలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నేను ధర్మసాగర్ వైపు ఉన్న ఒక బడిలో ఉపాధ్యాయుడిని. గత వానాకాలం నుంచి రోజూ గేర్ల సైకిలు మీదనే వెళ్లి వస్తున్నాను. దసరా తరువాత రెండు నెలల్లో వెనుక చక్రం ఐదుసార్లు పంచరైంది. ప్రతిసారీ దారిలో అతుకు వేయించుకొని బడికి పరుగెత్తడమే తప్ప, రంధ్రం ఎందుకు పడుతున్నదో నిలబడి చూసింది లేదు. చివరికి టైరే అరిగిపోయిందనుకొని, ఇరవై ఆరు అంగుళాల సైకిలని చెప్పి కొత్త టైరు కొన్నాను. దాని మీద 26 × 1 3/8 అని ఉంది. రిమ్ము మీద వదులుగా కూర్చున్న ఆ టైరు, గాలి కొడుతుండగానే ఒక పక్కకు ఊడిపోయి ట్యూబు బయటికి వచ్చింది. నా పాత టైరు మీద 26 × 1.95 అని రాసి ఉంది. రెండూ ఇరవై ఆరే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? ఎండలకు టైరు పేలుతుంది కాబట్టి గాలి తక్కువగా ఉంచాలని మా నాన్నగారు అంటారు, అది నిజమేనా? ఆయన నడిపిన నల్ల సైకిలు కూడా ఇంట్లోనే ఉంది, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని నా కోరిక.

జవాబు (కాజీపేట నుంచి)

సార్, మీరు టైరు కొనే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయింది. రంధ్రం ట్యూబుకు ఏ వైపున పడిందో చూడాలి, ఎందుకంటే కారణాన్ని చెప్పేది ఆ చోటే. నేల వైపు పడితే ముల్లో, గాజుపెంకో, సన్నని తీగముక్కో అని అర్థం. రిమ్ము వైపు పడితే రోడ్డుకు దానితో సంబంధమే లేదు. రిమ్ములోపల వేసే పట్టీ పక్కకు జరిగి, పుల్లల (స్పోకుల) కొసలు ట్యూబును పొడుస్తున్నాయన్నమాట. పక్కపక్కనే రెండు చీలికలు జంటగా కనిపిస్తే, గాలి తక్కువగా ఉన్న చక్రం గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ నేలకూ మధ్య నలిగిందని గుర్తు. వాల్వు మొదట్లో చిరిగితే, గాలి చాలక టైరుతో పాటు ట్యూబు కొద్దికొద్దిగా జరుగుతున్నదని అనుమానించాలి.

దీనికొక చిన్న ఏర్పాటు ఎంతో మేలు చేస్తుంది. టైరు ఎక్కించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టుకోండి. రేపు పంచరైతే, ట్యూబులో రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరులో కూడా అంతే దూరంలో వెతకవచ్చు. మన వైపు చేల గట్ల వెంట పల్లేరుకాయలు, కంచె కోసం తెచ్చిన కంపనుంచి రాలిన తుమ్మముండ్లు రోడ్డు అంచున పడి ఉంటాయి. వానలు తగ్గి పల్లేరు ఎండిన తరువాత వాటి పదును మరీ ఎక్కువ. ముల్లు కొస టైరులోనే విరిగి ఉండిపోతే, ఎన్ని అతుకులు వేసినా మరుసటి రోజు అదే చోట మళ్లీ పొడుస్తుంది. అందుకని ట్యూబు తీసిన ప్రతిసారీ టైరు లోపలి వైపంతా పాతగుడ్డతో నెమ్మదిగా తుడవండి. ముల్లు ఎక్కడుంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది.

అతుకు వేయడంలో తొందరపాటు పనికిరాదు. గీకుడు కాగితంతో రుద్ది, అతుకు కన్నా కాస్త వెడల్పుగా సొల్యూషన్ (రబ్బరు జిగురు) పూసి, తడి మెరుపు పోయేవరకు సుమారు ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు అతుకు పెట్టి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే ఆ అతుకు ఎక్కువ రోజులు నిలవదు.

జవాబు (వరంగల్ నుంచి, ఒకప్పుడు సైకిలు దుకాణంలో పనిచేశాను)

అంగుళాల లెక్కను నమ్మి మోసపోయింది మీరొక్కరే కాదు. ఆ లెక్క ఒకప్పుడు టైరు బయటి కొలతను సుమారుగా చెప్పేది; రిమ్ము కొలతను అది చెప్పదు. టైరు పక్కగోడ మీద మరొక అంకె జత ఉంటుంది, దాన్ని చదవండి. మీ పాత టైరు మీద 50-559 లాంటిది ఉంటుంది, కొత్తదాని మీద 37-590 ఉంటుంది. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది టైరు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. రెండవ అంకెలో 31 మిల్లీమీటర్ల తేడా ఉన్నప్పుడు టైరు ఊడక ఏమవుతుంది? ఈ రెండవ అంకె తప్పకుండా కలవాలి, వెడల్పు మాత్రం కొంత అటూ ఇటూ ఉండవచ్చు. మీరు తొక్కేది తారు రోడ్డే కాబట్టి, పెద్ద పెద్ద గుబ్బలున్న టైరు కాకుండా మధ్యలో నున్నగా ఉండే 1.75 టైరు తీసుకుంటే తొక్కడం తేలికవుతుంది.

ట్యూబు మీద 26 × 1.75–2.125 అని ఉంటే మీ పాత 1.95 టైరుకూ, ఈ 1.75 టైరుకూ సరిపోతుంది. కొనేముందు వాల్వు చూసుకోండి. మోటారు సైకిళ్లకు ఉండే లావు వాల్వుకు చేసిన రంధ్రంలో సన్నవాల్వు వదులుగా కదులుతూ మొదట్లోనే తెగుతుంది. కొత్త టైరును ముందు చక్రానికి వేసి, ముందరిదాన్ని వెనక్కి మార్చడం నా అలవాటు. వెనుక టైరు త్వరగా అరిగే మాట నిజమే, కానీ ముందు టైరు పేలితే మనిషి నిలదొక్కుకోలేడు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే ఈ ఆదివారం ట్యూబు తీసి బకెట్ నీళ్లలో ముంచి చూశాను. ఐదు అతుకుల్లో నాలుగు రిమ్ము వైపే ఉన్నాయి! లోపలి పట్టీ చీలి, రెండు పుల్లల కొసలు పైకి తేలి ఉన్నాయి. టైరు తప్పు లేనే లేదు. కొసలను ఆకురాయితో నున్నగా చేసి, కొత్త పట్టీ వేశాను. ఇక గాలి సంగతీ, నాన్నగారి సైకిలు సంగతీ చెప్పండి.

జవాబు (కరీంనగర్ నుంచి)

గాలి గురించి మీ నాన్నగారి భయం చాలామందిలో ఉన్నదే, కానీ లెక్క వేరుగా ఉంటుంది. 25 డిగ్రీల వద్ద 50 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) నింపిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే పెరిగేది సుమారు 4 మాత్రమే. ఎండలో నిలిపిన నల్ల రబ్బరు 65 డిగ్రీలకు చేరినా 9 కన్నా ఎక్కువ పెరగదు. పక్కగోడ మీద రాసిన పరిమితికి కాస్త లోపల నింపుకుంటే మంచి టైరుకు ప్రమాదం లేదు. ఎండలో పేలే టైర్లలో చాలావాటికి అప్పటికే పక్కగోడ చీలి ఉంటుంది, లేదా టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చొని ఉండదు. గాలి తగ్గిస్తే మాత్రం జంట చీలికలు ఖాయం. వారానికొకసారి గాలి కొట్టించుకోండి.

నాన్నగారి సైకిలుకు కడ్డీ బ్రేకులుంటే దాని టైరు 28 × 1½, అంటే 40-635 అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా అంకె చదివే కొనండి. దానికి వాల్వు లోపల చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఎండి చీలితే పంచరు లేకుండానే గాలి పోతుంది, కాబట్టి ట్యూబు తీయకముందే వాల్వు మీద కాస్త తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడండి. కడ్డీ బ్రేకుల రబ్బర్లు రిమ్ము లోపలి ముఖాన్ని పట్టుకుంటాయి, అక్కడ తుప్పూ నూనే లేకుండా తుడవాలి. చైన్‌ను కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, ఒక్కో కీలుకు ఒక్క చుక్క నూనె వేసి, పైన మిగిలినది తుడిచేయండి. మెకానిక్ షెడ్డులో తీసేసిన ఇంజను నూనె వద్దు, అందులోని లోహపు పొడి చైన్‌నే అరగదీస్తుంది. అరుగుదల తెలియాలంటే ఉక్కు టేపు పెట్టి ఒక పిన్ను నడిమి నుంచి 24 పిన్నుల దూరం కొలవండి. కొత్త చైన్‌లో అది సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందంటే చైన్ మార్చి, వెనుక పళ్లచక్రాన్ని కూడా చూపించుకోండి. ఇన్నేళ్లు మూలన ఉన్న సైకిలు కాబట్టి, టైరు పక్కగోడను వేళ్లతో వంచి చూడండి. సన్నని పగుళ్ల లోపల దారాలు కనిపిస్తే, పైన గీతలు ఎంత కొత్తగా ఉన్నా దాని మీద రోడ్డెక్కవద్దు.