చావి నిండా ఇచ్చినా నాలుగు క్షణాలకే ఆగిపోతున్న సినిమా కెమెరా

కృష్ణలంక: అటక మీది ట్రంకు పెట్టెలో దొరికిన మా తాతగారి సినిమా కెమెరాతో నిన్న రాత్రి ఒంటిగంట వరకు కుస్తీ పట్టి, విసిగిపోయి ఇది వ్రాస్తున్నాను. చావి నిండా ఇచ్చి మీట నొక్కితే నాలుగైదు క్షణాలు గిర్రున తిరిగి, మూలుగుతూ ఆగిపోతోంది. స్ప్రింగు మార్పించాలా? విజయవాడలో ఎవరైనా చేస్తారా?

బ్రాడీపేట: ఏ కెమెరా? ఫిల్ము వేశారా? వేగం ఎంత?

పాతగడియారం: దానిని స్ప్రింగు అనడం బాగులేదండీ. మా గడియారాల పనిలో కమాను అనే అంటాము.

బ్రాడీపేట: కమాను లారీ కింద ఉంటుంది.

పాతగడియారం: కమాను అంటే ఫారసీలో విల్లు. వంచితే తిరిగి సాగాలని చూసేది ఏదైనా కమానే, లారీదైనా కెమెరాదైనా.

కృష్ణలంక: బోలెక్స్ హెచ్16. ఫిల్ము లేదు. వేగం 64లో, అంటే సెకనుకు 64 ఫ్రేములు (విడి బొమ్మలు) తీసేలా పెట్టాను. మొన్న వేగం మార్చే బిళ్ళ పక్క సందులో కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేశాను. అది చెప్పవలసినంత సంగతి కాదనుకున్నాను.

గాంధీనగరం: చెప్పవలసినది అదే. ఒకసారి నిండా చావి ఇస్తే ఆ కెమెరా సుమారు ఐదున్నర మీటర్ల ఫిల్మును, అంటే 720 ఫ్రేములను నడుపుతుంది. 24 వేగంలో అది అరనిమిషం, 64లో పదకొండు సెకన్లు మాత్రమే. కనుక మీ కెమెరా మీరు భయపడినంత చెడిపోలేదు. ఫిల్ము లేకుండా 32 దాటించవద్దు, పళ్ళచక్రాలకు దెబ్బ. చావి ఇస్తుంటే చేతికి బిగువు తగులుతున్నదంటే స్ప్రింగు తెగలేదని అర్థం. ఏళ్ళ తరబడి కదలక గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది, దాని మీద కొత్త నూనె పడితే జిగురు ముద్ద అవుతుంది, ఆ నూనె షట్టరు దాకా జారితే ఫిల్ము మీద మరకలు పడతాయి. పాత గ్రీజు కడిగించి కొత్తది పెట్టించాలి. చావి పూర్తిగా దిగిపోయే వరకు మాత్రం ఒక్క మర కూడా విప్పవద్దు. బిగిసి ఉన్న ఆ ఉక్కుపట్టీ ఎగిరితే వేళ్ళు తెగుతాయి.

కృష్ణలంక: 24లో పెట్టి చూశాను, 17 క్షణాలు నడిచింది. మూలుగు అలాగే ఉన్నది. కృతజ్ఞతలు.

బ్రాడీపేట: ఇక నూనె వేయకండి.

పాతగడియారం: క్షణాలా, సెకన్లా? క్షణానికి మన లెక్కలో కొలత వేరు.