సీఓపీడీకి శ్వాస వ్యాయామాలు: మూడు బంతుల పరికరం పనికొస్తుందా?

పెద్దకూతురు: నాన్నగారికి సీఓపీడీ, అదే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మూడు బంతుల స్పైరోమీటర్ చేతిలో పెట్టి "రోజూ చేయించండి" అన్నారు, అంతే. వ్యాయామం ఇన్‌హేలర్‌కి ముందా, తర్వాతా? నాలుగడుగులకే ఆయాసం, కఫం కూడా ఎక్కువే.

మెట్లదారి: ఆ బంతులు పక్కన పెట్టండమ్మా. సీఓపీడీలో గాలి బయటికి రాకే బాధ. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఈల వేసేటట్టు పెదాలు పెట్టి నాలుగు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమనండి. నేను మెట్లెక్కగలుగుతున్నానంటే దీనివల్లే.

బైపాస్_తర్వాత: పక్కన పెట్టమనడానికి మీరెవరండీ? ఆపరేషన్ అయ్యాక నేను కోలుకున్నది ఆ బంతులతోనే. ఇప్పుడు మూడూ లేపుతాను!

మెట్లదారి: మీది ఆపరేషన్ కేసు. ఆవిడ అడిగింది సీఓపీడీ గురించి.

బైపాస్_తర్వాత: డాక్టర్ ఇచ్చిన వస్తువు వద్దనడం తప్పు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

మెట్లదారి: తీసుకోను. దాంతో నాకు తల తిరగడం తప్ప ఒరిగిందేమీ లేదు.

ఫిజియో_అక్క: ఏళ్ల తరబడి ఛాతీ వార్డుల్లోనే పనిచేశాను, నా మాట వినండి. ఆపరేషన్ తర్వాత నొప్పికి భయపడి లోతుగా పీల్చరు, ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుంటుంది. బంతులు అందుకు. సీఓపీడీలో ఛాతీ ముందే గాలితో ఉబ్బి ఉంటుంది. అక్కడ అసలైన మందు పల్మనరీ రిహాబ్, అంటే నిపుణుల పర్యవేక్షణలో చేసే వ్యాయామ శిక్షణ: వారానికి కనీసం 2 సార్లు, 6 నుంచి 12 వారాలు. ఊపిరితిత్తులు మారవు, కాళ్లకు బలం వచ్చి ఆయాసం తగ్గుతుంది. ఇంకో మాట, చాలామంది ఆ పరికరంలోకి ఊదుతున్నారు. అది పీల్చడానికి!

తడిదగ్గు: కఫం సంగతి ఎవరికీ పట్టదా? నాది బ్రాంకియెక్టాసిస్, ఊపిరి గొట్టాలు వెడల్పై కఫం నిలిచిపోయే జబ్బు. ఊరికే దగ్గి అలసిపోవద్దు. కొన్ని లోతైన శ్వాసలు తీసుకుని, గొంతు తెరిచి "హా" అని బలంగా వదిలితే కఫం పైకొస్తుంది. తల కిందికి వాల్చి పడుకోబెట్టి వీపు తట్టేవాళ్లంటే నాకు కోపం. నాకు పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి.

ఫైబ్రోసిస్_ఇల్లాలు: పెదాల పద్ధతి అందరికీ అనుకోకండి, మా ఆయనది ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్, ఆ పద్ధతితో ఆయాసం తగ్గలేదు. ఫైబ్రోసిస్‌లో కూర్చున్నప్పుడు ఆక్సిజన్ బాగానే కనిపిస్తుంది, నడిస్తే పడిపోతుంది. నడిపిస్తూ ఆక్సిమీటర్ చూడండి.

పెద్దకూతురు: ఇన్‌హేలర్ ముందా, తర్వాతా? ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

ఫిజియో_అక్క: ఊపిరి గొట్టాలు తెరిచే ఇన్‌హేలర్ ముందమ్మా, 15 నిమిషాలాగి వ్యాయామం. నాలుగడుగులకే ఆయాసమంటే ముందు డాక్టర్‌కి చూపించండి. ఆయన సరేనంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి.

తడిదగ్గు: అక్కా, నెబులైజర్‌లో ఉప్పునీరు కఫం తీసే ముందేనా?