ట్రావెల్ ట్రైలర్‌కి ముందు ఏది కొనాలి: లిథియం, సోలారా? జనరేటరా?

డెంటన్24:
24 అడుగుల ట్రైలర్, 30 ఆంపుల కనెక్షన్. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచే పాత రకం. 30,000 బీటీయూ ఫర్నేస్ (హీటర్), పైకప్పు మీద 13,500 బీటీయూ ఏసీ ఉన్నాయి. బ్యాటరీ మాత్రం ట్రైలర్‌తో వచ్చిన గ్రూప్ 24 లెడ్ ఒక్కటే. డిసెంబరులో అరిజోనాలోని క్వార్ట్‌సైట్ దగ్గర, వేసవిలో కొలరాడో అడవుల్లో, హుకప్ (క్యాంపు కరెంటు కనెక్షన్) లేకుండా నాలుగైదు రాత్రులు గడవాలి. పని నేనే చేసుకుంటాను. రెండు దారులు అనుకుంటున్నాను. ఒకటి: 200 ఏహెచ్ (ఆంప్-అవర్లు) లిథియం బ్యాటరీ, పైకప్పు మీద 400 వాట్ల సోలార్, 2000 వాట్ల ఇన్వర్టర్. రెండు: గోల్ఫ్ కార్ట్ 6 వోల్టుల బ్యాటరీలు జత, హోండా 2200 జనరేటర్. ఈ ఏడాది ఒక్కదానికే డబ్బుంది. బ్యాటరీని టంగ్ (ట్రక్కుకి తగిలించే ముందు భాగం) మీంచి తీసి లోపల మంచం కింద పెట్టాలని కూడా ఉంది.

మెసా_బండి:
మొదటిదే చేయండి. డిసెంబరులో క్వార్ట్‌సైట్ ఆకాశం ఎక్కువగా తేటగానే ఉంటుంది. బీఎల్ఎం (ప్రభుత్వ భూముల శాఖ) నేలల్లో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులు ఉండొచ్చు. అన్నాళ్లూ పెట్రోల్ డబ్బాలు మోసుకుంటూ తిరగడం ఏం సుఖం?

200 వాట్ల ప్యానెళ్లు రెండూ సిరీస్‌లో కలపండి. కరెంటు పది ఆంపుల చుట్టూనే ఉంటుంది, 10 గేజ్ తీగ సరిపోతుంది. వోల్టేజీ 50 దగ్గరే ఉంటుంది కాబట్టి 100 వోల్టులు, 30 ఆంపుల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) చాలు. పైకప్పుకి కొత్త రంధ్రం పెట్టకండి. గ్యాస్ ఫ్రిజ్ వెనక పైకి ఒక వెంట్ ఉంటుంది, తీగలు అందులోంచి దించండి. బర్నర్‌కీ పొగ గొట్టానికీ తగలకుండా గోడ వారగా క్లిప్పులతో బిగించాలి. బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు వేయండి, స్క్రూ తలల మీద డైకార్ సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్ పోయండి. స్క్రూ దిగాల్సింది పైకప్పు పట్టీలోకి, ఉత్త పలుచని చెక్కలోకి కాదు. వీహెచ్‌బీ (రెండు వైపులా అంటుకునే గట్టి) టేపొక్కటే చాలనేవాళ్ల మాట నమ్మకండి. టేపు పట్టేది పైన ఉన్న రబ్బరు పొరని, ఆ పొరని చెక్కకి పట్టి ఉంచేది మామూలు జిగురు. హైవే మీద గాలి ప్యానెల్ కింద దూరితే పొరతో సహా లేస్తుంది.

రాకీ_దారి:
మెసా గారూ, మీరు చెప్పేదంతా ఎడారికి. ఆయన కొలరాడో కూడా అడిగారు. పైన్ చెట్ల నీడలో 400 వాట్ల ప్యానెళ్ల నుంచి అందులో పదో వంతు రావడం కూడా కష్టం. రెండు రోజులు ముసురు పట్టిందంటే అదీ ఉండదు. జనరేటర్‌కి ఎండతో పని లేదు.

ఇక ఏసీ. నడుస్తున్నప్పుడు 1300 నుంచి 1500 వాట్లు లాగుతుంది. 200 ఏహెచ్ లిథియం అంటే దాదాపు 2560 వాట్-అవర్లు. ఇన్వర్టర్ నష్టం కూడా పోతే గంటన్నరకే ఖాళీ. అదే ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ (మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుని తగ్గించేది) బిగిస్తే హోండా 2200 ఒక్కటే లాగేస్తుంది, సముద్ర మట్టానికి దగ్గర్లో ఉంటే. జనరేటర్‌ని ట్రైలర్‌కి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ అవతలికి పోయేలా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ గడువు తేదీ కూడా చూసుకోండి, వాటికి ఆయుష్షు ఉంటుంది. ఇంకొకటి: ఈ జనరేటర్లో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండవు. ఈఎంఎస్ సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు లోపాలు పట్టేది) వాడేవాళ్లకి అది ఓపెన్ గ్రౌండ్ (ఎర్త్ లేదు) అని చూపించి కరెంటు లోపలికి వదలదు. జనరేటర్లో ఖాళీగా ఉన్న సాకెట్‌కి న్యూట్రల్-గ్రౌండ్ బాండింగ్ ప్లగ్ పెడితే సరిపోతుంది.

ఓమ్_లెక్క:
ఇద్దరూ కరెంటు ఎలా తయారు చేయాలో చెబుతున్నారు. రోజుకి ఎంత కావాలో ముందు చూద్దాం. చలి రాత్రి ఫర్నేస్ బ్లోయర్ 7.5 ఆంపులు లాగుతుంది. ఆగి ఆగి నడుస్తూ మొత్తం 5 గంటలు తిరిగిందనుకుంటే 38 ఏహెచ్. ఫ్రిజ్ గ్యాస్ మీద ఉన్నా కంట్రోల్ బోర్డుకి 12. లైట్లకి 8, నీళ్ల పంపుకి 2, ఫోన్లు, ల్యాప్‌టాప్‌కి 10. గ్యాస్ డిటెక్టర్, రేడియో లాంటివి ఊరికే ఉన్నా అర ఆంపు తింటాయి, రోజుకి 12. మొత్తం 82 ఏహెచ్. బ్లోయర్ ఒక్కటే సగానికి దగ్గర తింటోందని గమనించండి. దుప్పటి మందంగా ఉంటే బ్యాటరీ చిన్నదైనా నడుస్తుంది.

మెసా గారి ప్యానెళ్లు డిసెంబరులో ఎంత ఇస్తాయి? క్వార్ట్‌సైట్‌లో ఆ నెల మధ్యాహ్నం కూడా సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పైకప్పు మీద బల్లపరుపుగా ఉన్న 400 వాట్లు రోజుకి 70, 75 ఏహెచ్ ఇస్తాయి. అంటే 82కి కాస్త తక్కువే. అవే ప్యానెళ్లని దక్షిణానికి 55 డిగ్రీలు వాల్చితే 110 దాటుతుంది. అందుకే నా ఓటు పైకప్పుకి కాదు, నేల మీద పెట్టుకునే ప్యానెళ్లకి. ట్రైలర్ నీడలో ఉన్నా వాటిని 30 అడుగుల తీగతో ఎండలోకి లాక్కోవచ్చు.

రాకీ గారికి ఒక మాట. జనరేటర్ శక్తి ప్రతి 1,000 అడుగుల ఎత్తుకీ 3.5 శాతం తగ్గుతుంది. 9,000 అడుగుల దగ్గర, హోండా 2200 ఆగకుండా ఇచ్చే 1800 వాట్లు 1230కి పడిపోతాయి. అక్కడ ఏసీ నడవదు. చల్లటి చోటు కాబట్టి అవసరమూ పడదనుకోండి, కానీ జనరేటర్ కొనడానికి ఏసీని కారణంగా చూపిస్తే ఆ కారణం కొండ మీద నిలవదు.

రాకీ_దారి:
ఒప్పుకుంటాను. కానీ లిథియం 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే చార్జ్ ఎక్కించకూడదు. గోల్ఫ్ కార్ట్ జత చలికి అంతగా తట్టుకోకపోయినా చార్జ్ మాత్రం తీసుకుంటుంది. 215 ఏహెచ్‌లో సగం వాడుకున్నా 107, మీ 82కి సరిపోయింది కదా.

ఓమ్_లెక్క:
ఒక రాత్రికి సరిపోతుంది. తెల్లారాక ఆ 82 తిరిగి ఎక్కించాలి కదా, చిక్కంతా అక్కడే. లెడ్ బ్యాటరీ 80 శాతం వరకూ గబగబా తీసుకుంటుంది, మిగతా 20కి మూడు నాలుగు గంటలు పడుతుంది. రోజూ రెండు గంటలే జనరేటర్ తిప్పి ఆపేస్తే ఎప్పుడూ నిండదు, పలకల మీద సల్ఫేట్ పేరుకుని రెండు మూడు సీజన్లలో పోతుంది. లిథియం దాదాపు నిండేదాకా ఒకే జోరుగా తీసుకుంటుంది. 55 ఆంపుల కన్వర్టర్‌తో (బయటి కరెంటుతో బ్యాటరీని చార్జ్ చేసే పెట్టె) 82 ఏహెచ్ గంటన్నర, గంటా ముప్పావులో ఎక్కుతుంది. అంటే జనరేటర్ వాడేవాళ్లకే లిథియం ఎక్కువ అవసరం. చలి మాటకొస్తే, బ్యాటరీని మంచం కింద పెడితే ఫర్నేసే దాన్ని వెచ్చగా ఉంచుతుంది. లెడ్‌ని అలా పడకగదిలో పెట్టకూడదు, చార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వదులుతుంది.

అయితే ట్రైలర్లలో వచ్చే పాత కన్వర్టర్లు చాలావరకూ 13.6 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి. లిథియానికి 14.4 కావాలి. తక్కువైతే బ్యాటరీ పాడవదు, కానీ కరెంటు 20 ఆంపులకో పదికో పడిపోయి జనరేటర్ పొద్దంతా మోగుతూనే ఉంటుంది. కన్వర్టర్ మార్చాక తీగ కూడా చూడండి. కన్వర్టర్ నుంచి బ్యాటరీకి 15 అడుగులంటే రానూపోనూ 30. అంత దూరంలో 55 ఆంపులకి 8 గేజ్ తీగలో ఒక వోల్టు పోతుంది, 6 గేజ్‌లో 0.65, 4 గేజ్‌లో 0.41. మల్టీమీటర్ ముందు కన్వర్టర్ దగ్గర, తర్వాత బ్యాటరీ దగ్గర పెట్టి చూస్తే ఆ తేడా అంకెల్లోనే కనిపిస్తుంది.

డెంటన్24:
అయితే లిథియం, కన్వర్టర్, నేల మీద ప్యానెళ్లు. ఇన్వర్టర్ కూడా ఇప్పుడే పెట్టేస్తే, ట్రైలర్ షోర్ కార్డ్‌ని (బయటి కరెంటు తీసుకునే తీగ) దానికే గుచ్చి అన్ని సాకెట్లకీ కరెంటు ఇవ్వొచ్చా?

మెసా_బండి:
ఇవ్వొచ్చు, కానీ ముందు కన్వర్టర్ బ్రేకర్ దించాలి. లేకపోతే బ్యాటరీ ఇన్వర్టర్‌ని నడుపుతుంది, ఇన్వర్టర్ కన్వర్టర్‌ని నడుపుతుంది, కన్వర్టర్ అదే బ్యాటరీని చార్జ్ చేయబోతుంది. ప్రతి మలుపులోనూ నష్టమే, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఫ్రిజ్ కూడా ఆటో మీద ఉంటే కరెంటు చూడగానే గ్యాస్ ఆపేసి 300 వాట్లకి పైగా లాగడం మొదలుపెడుతుంది. దాన్ని గ్యాస్ మీదే ఉంచండి. స్టార్‌లింక్ (ఉపగ్రహ ఇంటర్నెట్) వాడేమాటైతే మినీ తీసుకోండి, 12 వోల్టులతో నేరుగా నడుస్తుంది, ఇన్వర్టర్ అక్కర్లేదు.

ఓమ్_లెక్క:
2000 వాట్లంటే బ్యాటరీ వైపు 180 ఆంపులకి పైమాటే. కేబుల్ 2/0 గేజ్, పొడవు నాలుగు అడుగులు మించకుండా చూడండి. ఫ్యూజు క్లాస్-టీ 250 ఆంపులది, బ్యాటరీ ప్లస్‌కి అరచేతి దూరంలో.

రాకీ_దారి:
ఏఎన్ఎల్ ఫ్యూజు చాలదా? సగం ధరకే వస్తుంది.

ఓమ్_లెక్క:
చాలదు. షార్ట్ అయితే లిథియం ఒక్కసారిగా వేల ఆంపులు వదులుతుంది. ఏఎన్ఎల్ తెంచగలిగేది 6,000 ఆంపుల వరకే, క్లాస్-టీ 20,000 వరకూ తెంచుతుంది. రెండు బ్యాటరీలు పారలల్‌లో ఉన్నప్పుడు చిన్న ఫ్యూజు కాలినా మధ్యలో మంట తీగలా సాగి కరెంటు ఆగకపోవచ్చు. పైగా అది పడుకునే మంచం కింద.

తీగలక్క:
అందరూ ఒకటి వదిలేశారు, ప్రాణాలకి సంబంధించింది. తమ్ముడూ, బ్యాటరీ లోపలికి మార్చేటప్పుడు టంగ్ మీదున్న బ్రేక్‌అవే స్విచ్ తీగ తెగ్గొట్టకు. దారిలో హిచ్ (ట్రక్కుకి తగిలించే కొక్కెం) ఊడిపోతే ట్రైలర్ బ్రేకులు పడేది ఆ స్విచ్ వల్లే. దానికి ప్లస్ ఎప్పుడూ ఉండాలి, మెయిన్ డిస్‌కనెక్ట్ స్విచ్ దాటాక కాదు, దానికంటే ముందు, ఫ్యూజు మీదుగా. లిథియంతో ఇంకో చిక్కుంది. బ్యాటరీ పూర్తిగా దిగితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) మొత్తం కట్ చేస్తుంది, అప్పుడు బ్రేక్‌అవే కూడా లేనట్టే. ఖాళీ బ్యాటరీతో బండి కదల్చకూడదు. లేదంటే టంగ్ మీద 12 వోల్టుల చిన్న సీల్డ్ లెడ్ బ్యాటరీ, దాని సొంత చార్జర్ ఉన్న బ్రేక్‌అవే కిట్ పెట్టేయ్.

ట్రక్కు ఆల్టర్నేటర్ నుంచి చార్జ్ కావాలంటే, ట్రక్కుని ట్రైలర్‌తో కలిపే ఏడు పిన్నుల ప్లగ్‌లోంచి 20 ఆంపులకి మించని డీసీ-డీసీ చార్జర్ చాలు. పెద్దది పెడితే ఆ సన్న తీగ కాలుతుంది.

అంతా బిగించాక పరీక్ష ఇలా: ట్రైలర్‌ని హిచ్‌లోనే ఉంచి ఏడు పిన్నుల ప్లగ్ ఊడదీయి, లేకపోతే ట్రక్కులోని బ్రేక్ కంట్రోలర్ దెబ్బతినొచ్చు. బ్రేక్‌అవే పిన్ లాగి ట్రక్కుని మెల్లగా ముందుకి కదుపు. ట్రైలర్ చక్రాలు బిగుసుకుని వెనక్కి పట్టి లాగాలి. చూసిన వెంటనే పిన్ మళ్లీ గుచ్చేయ్, ఎక్కువసేపు వదిలేస్తే బ్రేక్ మాగ్నెట్లు వేడెక్కి కాలిపోతాయి.