క్లాస్ సీ థెఫ్ట్ టికెట్: కోర్టులో ఎవరి పని ఏమిటి, నో కాంటెస్ట్ అనొచ్చా?

ప్రశ్న
మా తమ్ముడు టెక్సస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు, ఎఫ్-1 వీసా. సెల్ఫ్ చెకౌట్‌లో 40 డాలర్ల సామాను స్కాన్ చేయలేదని క్లాస్ సీ థెఫ్ట్ (చిన్న దొంగతనం నేరం) టికెట్ రాశారు. మునిసిపల్ కోర్టుకు వెళ్ళాలి. అక్కడ ఎవరితో ఏం మాట్లాడాలి? "నో కాంటెస్ట్ అని ఫైన్ కట్టేస్తే అయిపోతుంది" అంటున్నారు స్నేహితులు. నిజమేనా అండీ?

జవాబు 1
దయచేసి కట్టనివ్వకండి. నో కాంటెస్ట్ అంటే "తప్పు ఒప్పుకోను, అలాగని వాదించను" అని. శిక్ష దగ్గరికొచ్చేసరికి అది గిల్టీతో సమానం. ఇమిగ్రేషన్ చట్టం కూడా దాన్ని కన్విక్షన్‌గానే (నేరం రుజువైనట్టుగానే) చూస్తుంది. టెక్సస్‌లో కోర్టుకు వెళ్ళకుండా ఫైన్ కట్టినా నో కాంటెస్ట్ అన్నట్టే లెక్క. మొదటి రోజు "నాట్ గిల్టీ" అనాలి. అది అబద్ధమాడటం కాదు, నేరం రుజువు చేసే బాధ్యత ప్రాసిక్యూటర్‌దేనని (ప్రభుత్వం తరఫున వాదించే లాయర్‌దేనని) చెప్పడం.

జవాబు 2
కాగితం పైన "ది స్టేట్ ఆఫ్ టెక్సస్ వర్సెస్" అని ఉంటుంది చూడండి. అంటే కేసు షాపుది కాదు, రాష్ట్రానిది. షాపువాళ్ళు సాక్షులు మాత్రమే. వాళ్ళను బతిమాలినా కేసు కొట్టేసే అధికారం వాళ్ళకు లేదు. మాట్లాడుకోవాల్సింది ప్రాసిక్యూటర్‌తో, అదీ లాయర్ ద్వారా. జడ్జి గానీ క్లర్క్ గానీ సలహా ఇవ్వరు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే క్లర్క్‌కు ముందుగానే చెప్పండి. క్లాస్ సీకి జైలు లేదు, గరిష్ఠంగా 500 డాలర్ల ఫైన్, కాబట్టి ఉచిత లాయర్‌ను ఇవ్వరు. విచారణ దాకా వెళితే జ్యూరీలో 6 మంది ఉంటారు.

జవాబు 3
అసలు ప్రమాదం డిఫర్డ్ డిస్పోజిషన్‌లో ఉంది. కొన్ని నెలలు గొడవ లేకుండా ఉంటే కేసు కొట్టేస్తారు గానీ, ముందు గిల్టీ లేదా నో కాంటెస్ట్ అనాలి. రాష్ట్రం లెక్కలో కేసు పోయినా ఇమిగ్రేషన్ లెక్కలో మిగిలిపోవచ్చు. ప్లీ (గిల్టీ, నో కాంటెస్ట్ లాంటి జవాబు) లేకుండా కొట్టేసేలా ప్రాసిక్యూటర్‌ను అడగమని లాయర్‌కు చెప్పండి. అమెరికా సుప్రీం కోర్టు 2010 పడీలా తీర్పు ప్రకారం, ప్లీ వల్ల దేశం నుంచి పంపించే ప్రమాదం ఉంటే క్రిమినల్ లాయర్ ముందే చెప్పాలి. అయినా ఇమిగ్రేషన్ లాయర్‌ను విడిగా అడగడం మంచిది. తేదీ మాత్రం తప్పకూడదు, తప్పితే అరెస్టు వారంటు రావచ్చు.

ప్రశ్న అడిగినవారు
షాపు తరఫు లాయర్ల నుంచి డబ్బు కట్టమని ఉత్తరం కూడా వచ్చింది. కడితే కేసు పోతుందా?

జవాబు 2
పోదండీ. అది సివిల్ డిమాండ్, అంటే షాపు తన నష్టానికి డబ్బు అడగడం; క్రిమినల్ కేసుతో సంబంధం లేని వేరే వ్యవహారం. సంతకం పెట్టకుండా, ఫోన్ చేయకుండా ఆ ఉత్తరాన్ని లాయర్‌కు ఇవ్వండి.